హార్కెన్‌షావారి కర్ర

క్లైవ్ హార్కెన్‌షా అనే ఆయన కొండమీద పాత గొడ్లచావిడి ఒకటి కొని, దానికి నిలువెత్తు అద్దాల తలుపులు పెట్టించి, అందులో కాపురం పెట్టాడన్న కబురు బెర్నార్డ్ హార్కెన్‌షాకి మాంసం కొట్టు దగ్గర క్యూలో తెలిసింది. చెప్పింది అతని ముందు నిలబడ్డ పోస్టాఫీసావిడ. చెప్పి, మీ ఇంటిపేరువాళ్లేగా, మీకెంత సంతోషమో అంది. చాలా సంతోషమండీ అన్నాడు బెర్నార్డ్. తన వంతు వచ్చేసరికి దేనికొచ్చాడో మర్చిపోయి, ఇంట్లో ఇద్దరూ ముట్టని లివరు ఇంత పొట్లం కట్టించుకుని ఇంటికొచ్చాడు.

భార్య గిలియన్ పొట్లం విప్పి చూసింది. తర్వాత మొగుడి మొహం చూసింది.

"ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు. ఒకడొచ్చాడు."

"పొయ్యిరాయికి ఎంత దూరంలో?"

"మైలు. మైలు కూడా ఉండదేమో."

గిలియన్ లివరు పక్కింటి పిల్లికని తీసి పక్కనబెట్టి, టీకి నీళ్లు పెట్టింది. ఆ ఇంట్లో పిడుగు పడ్డా ముందు టీకి నీళ్లు పెడతారు.

సంగతేమిటంటే, వాళ్లుండే హెల్మ్‌రాయిడ్ నుంచి రెండు మైళ్లు కొండెక్కితే హార్కెన్‌షా అనే చోటుంది. చోటంటే చోటే, ఊరు కాదు. ఒక పొగగొట్టం, సగం గోడ, నడుమెత్తు దురదగొండి, వాటి మధ్య మంచమంత పొయ్యిరాయి. ఆరేడువందల ఏళ్ల కింద అక్కడో చిన్న తోపు, తోపు పక్కనో ఇల్లు ఉండేవి. తోపు పోయింది, ఇల్లు పోయింది. పేరుకి మాత్రం కాళ్లొచ్చి లోకం మీద పడింది. బెర్నార్డ్ ఇంట్లో చుట్టాలొస్తే పడుకునే గదిలో గోడ నిండా ప్రపంచపటం ఉంది. హార్కెన్‌షా అనే ఇంటిపేరున్న మనిషి భూమ్మీద ఎక్కడ తగిలితే అక్కడ బెర్నార్డ్ ఎర్రగుండు సూది ఒకటి గుచ్చుతాడు. మాంచెస్టర్ చుట్టూ తట్టు పోసినట్టుంటుంది. కెనడాలో అంటారియో దగ్గరైతే సూదికి సూది తగిలి నిలవవు. న్యూజిలాండ్‌లో ఒక గుప్పెడు, పెరూలో ఒక పళ్ల డాక్టరు. ఒకసారి గిలియన్ తమ్ముడు ఆ గదిలో నిద్రపోతుంటే న్యూజిలాండ్ ఊడి అతని చెవిలో పడింది. ఆయన మళ్లీ రాలేదు. అది సూది తప్పని గిలియన్, ఆయన అటు తిరిగి పడుకోవడం తప్పని బెర్నార్డ్.

ఇంత ప్రపంచంలోనూ హార్కెన్‌షాకి దగ్గర్లో ఉన్నది ఒక్కటే సూది. అది బెర్నార్డ్‌ది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు, లోకం నిండా హార్కెన్‌షాలే గానీ హార్కెన్‌షాలో ఉండేవి గొర్రెలు. వాటి తర్వాత బెర్నార్డ్.

ఈ పేరున్నవాళ్లకో సంఘం ఉంది. ఏటా జూన్ ఆఖరి శనివారం అందరూ హెల్మ్‌రాయిడ్‌లో చేరి, ఒకళ్లనొకళ్లు కజిన్ కజిన్ అని పిలుచుకుంటూ కొండెక్కుతారు. ముందు ఒకరు గొర్రెకొమ్ము పిడి ఉన్న పాత కర్ర పట్టుకుని నడుస్తారు. పొయ్యిరాయి దగ్గర మూలపురుషుడి గురించి ఉపన్యాసం, ఆ తర్వాత అల్లం కేకు. కర్ర ఎవరు పట్టాలనేదానికి నియమం ఉంది: ఆ ఏడాది ఎవరి పడక పొయ్యిరాయికి అందరికన్నా దగ్గరో వాళ్లే పట్టాలి. నియమం రాసింది బెర్నార్డ్ తండ్రి స్టాన్లీ. రాసినప్పుడు అందరికన్నా దగ్గరగా ఉన్న పడక స్టాన్లీదే కావడం యాదృచ్ఛికమని సంఘంలో అందరూ ఒప్పుకున్నారు.

స్టాన్లీ పోయాక కర్ర బెర్నార్డ్‌కొచ్చింది. కొమ్ముపిడి మీద తండ్రి బొటనవేలు అరగదీసిన గుంట ఉంది. బెర్నార్డ్ వేలు అందులో సరిగ్గా కూర్చుంటుంది. ఇళ్ల లోన్లిచ్చే ఆఫీసులో మేనేజరుగా రిటైరయ్యాక అతన్ని ఎవరూ దేనికీ ముందు నడవమనలేదు. సూపర్‌మార్కెట్‌లో కూడా గిలియన్ ముందు, బండి తోసుకుంటూ అతను వెనక. ఏడాదికి ఒక్క శనివారం మాత్రం వందమంది కజిన్లు అతని వెనక నడుస్తారు. ఆ ఒక్క శనివారం ఇప్పుడు అద్దాల తలుపులవాడి పాలయ్యేట్టుంది.

క్లైవ్ చెడ్డవాడైతే బెర్నార్డ్‌కి కాస్త హాయిగా ఉండేది. వారం తిరక్కుండానే అతను రెండు సీసాల వైను తీసుకుని పలకరించడానికొచ్చాడు. లండన్ కింద ఎక్కడో బీమా కంపెనీలో పనిచేసి మానేశాట్ట. మూలాల్లోకి రావాలనిపించిందిట. పటం చూసి పొంగిపోయి, నా సూది కూడా గుచ్చండి కజిన్, అని తానే డబ్బాలోంచి ఒకటి తీసిచ్చాడు. బెర్నార్డ్ గుచ్చాడు. తన సూదికీ పొయ్యిరాయికీ సరిగ్గా మధ్యలో.

"కర్ర విషయం విన్నాను కజిన్," అన్నాడు క్లైవ్ పోతూ పోతూ. "నాకు పట్టింపేం లేదు. సరదాకి. నియమం నియమమేగా."

"నియమం నియమమే," అన్నాడు బెర్నార్డ్.

తలుపేశాక అతను కాళ్లు తుడుచుకునే పట్టా మీదే నిలబడి నియమాన్ని మనసులో మళ్లీ చదువుకున్నాడు.

"నియమంలో పడక అని ఉంది," అన్నాడు చివరికి. "ఇల్లు అని లేదు."

గిలియన్ పెళ్లై చాన్నాళ్లైన మనిషి. "పిచ్చి పని చేసే ముందు చెప్పు నాయనా, దుప్పట్లు ఆరేస్తాను," అంది.

పొయ్యిరాయి ఉన్న పొలం మిసెస్ ఆక్రాయిడ్ది. ఆవిడకి గొర్రెలున్నాయి, మొగుడు లేడు, టీవీ సరిగ్గా రాదు. బెర్నార్డ్ వెళ్లి ఆవిడ పొలంలో జూన్ నెలంతా చక్రాల ఇల్లు లాంటి కారవాన్ ఒకటి పెట్టుకోవచ్చా అనడిగితే, గేటు వేస్తే చాలు, ఏమైనా పెట్టుకోమంది. అద్దెకి తెచ్చిన కారవాన్‌ని ఆవిడ ట్రాక్టరుతో కొండెక్కించి, పొయ్యిరాయికి నాలుగు వందల గజాల్లో నిలబెట్టారు. బెర్నార్డ్ తన దిండు, మోకాలి నొప్పి మందు, తండ్రి ఫోటో తీసుకుని అందులోకి మారాడు. మొదటి రాత్రి గాలికి కారవాన్ ఊయల ఊగింది. పొద్దున లేచి కిటికీలోంచి చూస్తే దూరంగా క్లైవ్ అద్దాల తలుపులు ఎండకి మెరుస్తున్నాయి. వాటి కన్నా తాను దగ్గర. బెర్నార్డ్ ఒళ్లు పులకరించింది. ఇంత హుషారు తనకి పెళ్లప్పుడు కూడా లేదనిపించింది గానీ ఆ ముక్క ఇంట్లో చెప్పలేదు.

నాలుగోనాడు క్లైవ్ టెంట్ వేశాడు.

మామూలు టెంట్ కాదు. లోపల తివాచీ, ఎండతో వెలిగే దీపాలు, కాఫీ గింజలు విసురుకునే మర. కారవాన్‌కీ పొయ్యిరాయికీ నడుమ. బెర్నార్డ్ చూడ్డానికెళితే, రండి కజిన్, కాఫీ తాగండి అన్నాడు. కాఫీ బాగుంది. అదింకా మండింది. మా ఆవిడ కూడా సరదా పడుతోంది, ఆరుబయట నిద్రపడితే ఒంటికి మంచిదట అన్నాడు క్లైవ్. అవునవును, గాలి మంచిదే అన్నాడు బెర్నార్డ్. ఇద్దరూ ఒకరికొకరు థాంక్స్ చెప్పుకున్నారు. అక్కడ యుద్ధం మొదలైందన్నదానికి గుర్తు అదే.

ఆ మర్నాడు బెర్నార్డ్ కారవాన్ వదిలేసి మడతమంచం మోసుకెళ్లి సగం గోడ చాటున వేసుకున్నాడు. సాయంత్రానికి క్లైవ్ టెంట్ లేచి వచ్చి గోడకి అవతల వాలింది. బెర్నార్డ్ మంచం గోడకి ఇవతల నుంచి రాతివైపు జరిగింది. క్లైవ్ టెంట్ మానేసి స్లీపింగ్ బ్యాగు పరిచాడు. మిసెస్ ఆక్రాయిడ్ రోజూ సాయంత్రం స్టూలు తెచ్చుకుని గేటు దగ్గర కూర్చుని, వేడి టీ తాగుతూ చూసేది. పక్క పొలంవాళ్లని కూడా పిలిచింది.

పండగ ముందురోజు శుక్రవారం, ఇంకా బాగా వెలుతురుండగానే, గిలియన్ అన్నం డబ్బాతో కొండెక్కొచ్చింది. డబ్బాలో మాంసం కూరి కాల్చిన రొట్టె ముక్క, ఊరబెట్టిన ఉల్లిపాయలు ఉన్నాయి. పొయ్యిరాయికి అటువైపు బెర్నార్డ్ మంచం, ఇటువైపు క్లైవ్ పడుకునే సంచి. మధ్యలో ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని క్రికెట్ క్లబ్బు నుంచి తెచ్చిన టేపు సాగదీస్తున్నారు.

"సమానం," అన్నాడు క్లైవ్.

"కాళ్ల వైపు నుంచి కొలిస్తే," అన్నాడు బెర్నార్డ్. "పడకంటే తలగడ కజిన్. తల ఎక్కడుంటే మనిషి అక్కడ."

క్లైవ్ మర్యాదగా లేచి, సంచిని గిర్రున తిప్పి, తలగడ రాతికి ఆనించి పడుకుని చూపించాడు. బెర్నార్డ్ కూడా మంచం తిప్పాడు. మళ్లీ సమానమైంది. ఇక దారి లేక సంఘం అధ్యక్షురాలికి ఫోను చేశారు. ఆవిడ బెర్నార్డ్ మేనత్త విన్నిఫ్రెడ్. వయసు ఎనభై ఎనిమిది. చెవులు బాగానే పనిచేస్తాయి గానీ ఎప్పుడు పనిచెయ్యాలో ఆవిడే నిర్ణయిస్తుంది. మొత్తం విని, ఏ భాగం గురకపెడితే అదే పడక అని తీర్పిచ్చి ఫోను పెట్టేసింది. ఆ లెక్కన బెర్నార్డ్ గెలవాలి గానీ సాక్ష్యం చెప్పమంటే గిలియన్ చెప్పనంది.

"ఆ కర్ర కోసమేనా ఇదంతా?" అంది వాళ్లిద్దరే ఉన్నప్పుడు, ఉల్లిపాయ ముక్క అతని చేతిలో పెడుతూ.

బెర్నార్డ్ ఉల్లిపాయ నోట్లో వేసుకున్నాడు. "నేను ముందు నడిచేది ఆ ఒక్కరోజే," అన్నాడు.

గిలియన్ డబ్బా మూత పెట్టింది. మొగుడి మెడకి మఫ్లర్ ఒకటి చుట్టి కొండ దిగిపోయింది.

శనివారం తెల్లారింది, వాన పడింది. పండక్కి వాన పడకపోతే ఆ ఊళ్లో ఇదేమిటి చెప్మా అని ఆకాశం వంక అనుమానంగా చూస్తారు. పదింటికల్లా కజిన్లు కొండెక్కి వచ్చేశారు. కర్రని ఎవరికీ ఇవ్వకుండా విన్నిఫ్రెడ్ అత్త తనే ఒళ్లో పెట్టుకుని మిసెస్ ఆక్రాయిడ్ ట్రాక్టరు తొట్టిలో కుర్చీ వేయించుకుని వచ్చింది. ఈ ఏడాది కొత్తగా వచ్చినవాళ్లలో అంటారియో నుంచి డార్లీన్ అనే ఆవిడ ఉంది. ఒడ్డూపొడుగూ గల మనిషి, పసుపుపచ్చ రెయిన్‌కోటు. పరిచయమైన ప్రతివాళ్లనీ గట్టిగా కావలించుకుంటోంది. హెల్మ్‌రాయిడ్‌లో మనుషులు అంత దగ్గరికొచ్చేది రైలు కిక్కిరిసినప్పుడే. కజిన్లు కట్టెల్లా బిగుసుకుపోయి, ఆ తర్వాత మళ్లీ ఆవిడ ముందు నుంచే ఊరికే అటూ ఇటూ తిరగసాగారు.

వాళ్లంతా గోడ దాటి వచ్చేసరికి కనబడ్డ దృశ్యం ఇది. ఒకవైపు పైజమా మీద రెయిన్‌కోటుతో బెర్నార్డ్. ఇంకోవైపు సంచిలోంచి తల మాత్రం బయటపెట్టి క్లైవ్. ఇద్దరి తలలకీ మధ్య, సరిగ్గా పొయ్యిరాయి నడుమ, ఒక గొర్రె, దాని రెండు పిల్లలు. వెచ్చగా పడుకుని నెమరేస్తున్నాయి. రాత్రే వచ్చినట్టున్నాయి. రాయి వాటి కింద పొడిగా ఉంది.

విన్నిఫ్రెడ్ అత్త కళ్లద్దాలు తుడుచుకుని చూసింది.

"నియమం ప్రకారం కర్ర దానికివ్వాలి," అంది. "ఇంటిపేరొక్కటే అడ్డం."

అందరూ నవ్వారు. బెర్నార్డ్ నవ్వలేదు, క్లైవ్ నవ్వలేదు. అత్త ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తీర్పు తర్వాత చెబుతాను, ముందు ఉపన్యాసం కానీరా బెర్నార్డూ, కేకు తడిసిపోతుంది అంది.

ఉపన్యాసం బెర్నార్డ్‌కి నోటికొచ్చు. తండ్రి చెప్పిందే అతనూ ఏటా చెబుతాడు. దగ్గే చోట కూడా తండ్రి దగ్గినచోటే దగ్గుతాడు. గొర్రె పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. మన మూలపురుషుడు ఆడమ్ ఈ రాతి దగ్గరే చలి కాచుకున్నాడు అన్నాడు. ఇక్కడి చలి చూసి, ఉన్ని మూట భుజాన వేసుకుని, కొండ దిగి హెల్మ్‌రాయిడ్ సంతలో అంగడి పెట్టాడు అన్నాడు. ఆ సంతలో నలుగురు ఆడమ్‌లు ఉండేవాళ్లు కాబట్టి జనం ఈయన్ని హార్కెన్‌షా ఆడమ్ అన్నారు. అక్కడ దగ్గాడు.

ఆ దగ్గు సందులో డార్లీన్ చెయ్యెత్తింది. ఉపన్యాసంలో చెయ్యెత్తడం ఆ సంఘం చరిత్రలో లేదు.

"మధ్యలో అడిగానని ఏమనుకోకు కజిన్," అంది. "మా ఊళ్లో మేమంతా హార్కెన్‌షాలమే. పళ్ల డాక్టరు, ఫైరింజన్ ఆయన, శవపేటికలు చేసే ఆయన. అక్కడ హార్కెన్‌షా అని పిలిస్తే పదిమంది తిరుగుతారు, అందుకని ఎవరూ పిలవరు. నేను వంతెన పక్కనుంటాను, నన్ను వంతెన డార్లీన్ అంటారు. మా అన్న మిల్లు వెండెల్. మరి ఈ ఆడమ్ ఇక్కడ, ఈ ఇంట్లో ఉన్నప్పుడు, ఆయన్ని ఏమని పిలిచేవాళ్లు?"

"ఆడమ్ అనే," అన్నాడు బెర్నార్డ్.

"హార్కెన్‌షా అని కాదా?"

"ఇక్కడ అందరూ హార్కెన్‌షా వాళ్లేగా. అనాల్సిన పనేముంది? ఆ పేరు వచ్చింది కిందకి..."

బెర్నార్డ్ పొయ్యిరాయి వంక చూశాడు. ఇన్నేళ్లూ తన నోటితోనే చెప్పిన ముక్క ఇప్పుడు మొదటిసారి తన చెవిన పడింది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆడమ్ ఉత్త ఆడమ్. కొండ దిగాకే హార్కెన్‌షా. ఇక్కడే ఉండిపోయినవాళ్లకి ఈ పేరు అక్కర్లేదు, రాలేదు. వాళ్లు ఏమయ్యారో, ఏ పేరుతో పోయారో ఎవరికీ తెలీదు. పేరు వెళ్లిపోయినవాళ్లది. గదిలో పటం కళ్ల ముందు కదిలింది. ఇన్నాళ్లూ అతను మధ్యలో ఉన్న తన ఒంటరి సూదినే చూసుకున్నాడు. మిగతా ఎర్రదనమంతా చెట్టు నుంచి రాలిన ఆకులనుకున్నాడు. కాదు. చెట్టే అది.

ఒళ్లంతా జలదరించింది. వానకి కాదు. ఆ సంతోషంలోనే, దాని వెనకే తోకలా ఇంకో ఆలోచన వచ్చింది: పేరు వెళ్లినవాళ్లదైతే, దగ్గరగా పడుకున్నవాడికి కర్ర మీద హక్కేమిటి? క్లైవ్‌కి హక్కు లేదు. తనకీ లేదు. కానీ క్లైవ్‌కి లేదు. ఎదుటివాడికి అపశకునం కావాలంటే తన ముక్కు కోసుకున్నా తప్పులేదని బెర్నార్డ్‌కి ఒక్క క్షణంలో తట్టింది.

"నియమం తప్పు," అన్నాడు.

కజిన్లలో గుసగుసలు లేచాయి. స్టాన్లీ కొడుకు స్టాన్లీ నియమాన్ని తప్పనడమా.

బెర్నార్డ్ ఆగలేదు. పైజమా కాళ్లకి అతుక్కుపోతోంది, మఫ్లర్ నుంచి నీళ్లు కారుతున్నాయి, చేతులు గాల్లో తిప్పుతూ చెప్పుకుపోయాడు. ఈ ఇల్లు పట్టుకు వేలాడితే మనకి పేరే ఉండేది కాదన్నాడు. ఆడమ్ దిగబట్టి పేరొచ్చింది, ఆయన మనవలు ఇంకా దూరం పోబట్టి పేరు బతికింది, ఓడలెక్కినవాళ్ల వల్ల సముద్రాలు దాటింది. ఇప్పుడు అంటారియోలో మన పేరు కూడా చాలక వంతెనలూ మిల్లులూ తగిలించుకుంటున్నారు, మళ్లీ మొదటికొచ్చింది చూడండి అన్నాడు. ఉపన్యాసంలో ఎప్పుడూ లేనిది, వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

"కర్ర పట్టాల్సింది దగ్గరివాడు కాదు," అన్నాడు బెర్నార్డ్. "ఎవరు అందరికన్నా దూరం నుంచి వచ్చారో వాళ్లు."



"అయితే మీ వంశం సంగతి ఇప్పుడర్థమైంది," అంది గిలియన్, గొడుగు కింద నుంచి. "అందరితోపాటే బయల్దేరారు. రెండు మైళ్లు నడిచి అలిసిపోయారు."

నవ్వులు సద్దుమణిగాక క్లైవ్ సంచి జిప్పు లాక్కుని లేచాడు. చాలా మర్యాదగా, మార్పు మంచిదే గానీ నియమం మార్చాలంటే మూడు వారాల ముందు అందరికీ తెలియజేయాలి, పద్ధతి పద్ధతేగా అన్నాడు.

"నాకు మూడు వారాలుంటాయని నీకెవరు చెప్పారు నాయనా?" అంది విన్నిఫ్రెడ్ అత్త. "చేతులెత్తండి."

ఎత్తారు. చలికి తొందరగానే ఎత్తారు, కేకు ఇంకా కొయ్యలేదు. ఆ తర్వాత ఎవరు దూరం అన్న లెక్క మొదలైంది. స్పెయిన్‌లో ఎండాకాలం ఇల్లున్న కజిన్ ఒకడు గొంతు సవరించుకున్నాడు. క్లైవ్ తాను పుట్టింది సింగపూర్‌లో అని, నాన్నగారి ఉద్యోగం అక్కడని గుర్తు చేశాడు. నిన్న రాత్రి నువ్వు సింగపూర్‌లో పడుకున్నావా అనడిగింది అత్త. లేదని ఒప్పుకోక తప్పలేదు, ఇంకా ఒంటి మీద గడ్డి ఉంది. న్యూజిలాండ్ నుంచి ఈ ఏడాది ఎవరూ రాలేదు, కర్ర డార్లీన్ చేతికెళ్లింది. ఆవిడ కర్రని కూడా కావలించుకుంది.

బెర్నార్డ్ చూస్తూ నిలబడ్డాడు. క్లైవ్‌కి రానందుకు సంతోషం, తన ఉపన్యాసానికి చప్పట్లు వచ్చినందుకు సంతోషం, పటం మొత్తం ఒక్కసారి అర్థమైనందుకు సంతోషం. ఇన్ని సంతోషాల మధ్య చెయ్యి మాత్రం ఖాళీగా ఉంది. గిలియన్ ఆ చేతిలో కేకు ముక్క పెట్టింది. గొర్రెకి కూడా ఒకటి దొరికింది.

"ఇప్పుడు దీంతో ఏం చెయ్యాలి?" అంది డార్లీన్.

ఏటా కర్రతో కొండెక్కుతారు, దిగేటప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు దిగుతారు. కానీ ఆడమ్ చేసిన ఘనకార్యం దిగడమే గదా. అందుకని డార్లీన్ కర్ర పట్టుకుని సంతవీధి దాకా ముందు నడవాలని, అందరూ వెనక రావాలని అప్పటికప్పుడు తేలింది. తేల్చింది అత్తే. చెప్పి, ట్రాక్టరెక్కి వెళ్లిపోయింది. డార్లీన్ నాలుగడుగులు వేసి ఆగింది. ఆవిడకి దారి తెలీదు.

"నేను చూపిస్తాను," అన్నాడు బెర్నార్డ్, గొంతులో వీలైనంత విసుగు తెచ్చుకుని. "పక్కనే నడుస్తానులే."

"నేనూ వస్తాను, సరదాకి," అన్నాడు క్లైవ్.

మొదటి పొలం చివర రాతిగోడ వచ్చింది. ఆ గోడలకి గుమ్మాలుండవు. గోడలోంచే పొడుచుకొచ్చిన రాతిమెట్లెక్కి అవతలకి దిగాలి. మెట్లు సన్నం, వాన జారుడు, డార్లీన్ భారీ మనిషి, రెండు చేతులూ కావాలి. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఇది పట్టుకో కజిన్," అని కర్ర బెర్నార్డ్ చేతిలో పెట్టింది. హ్యాండ్‌బ్యాగు క్లైవ్ చేతిలో పెట్టింది.

బొటనవేలు గుంటలో సరిగ్గా కూర్చుంది. వెనక వందమంది కజిన్లు వానలో ఆగి నిలబడ్డారు. డార్లీన్ గోడ మీద ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసుకుని, కొండనీ కింద ఊరినీ చూసి, మా నాన్న ఇది చూడాల్సింది అని కళ్లు తుడుచుకుంది. నెమ్మదిగా చూడమన్నాడు బెర్నార్డ్. తొందరేం లేదన్నాడు. నిజంగానే లేదు. ఆవిడ దిగాక మర్యాదగా కర్ర తిరిగి ఇచ్చేశాడు.

కొంచెం కిందకొచ్చాక దారి రెండుగా చీలింది. ఎడమవైపుది నున్నటి బండ్లబాట, నేరుగా సంతవీధిలో దిగుతుంది. కుడివైపుది పొలాలకడ్డంగా, గోడ మీద గోడ దాటుకుంటూ పోతుంది. బెర్నార్డ్ కుడివైపు తిరిగాడు.

"ఎడమ వైపు దగ్గరనుకుంటాను కజిన్," అన్నాడు క్లైవ్, భుజాన ఎర్ర హ్యాండ్‌బ్యాగుతో.

"దగ్గరే," అన్నాడు బెర్నార్డ్. "కానీ ఆడమ్ వెళ్లింది ఇటే."

ఆ సంగతి ఆడమ్‌కి కూడా తెలిసుండదు. గిలియన్‌కి మాత్రం తెలుసు. ఆవిడ వెనక నుంచి మొగుడి నడక చూసింది. పైజమా మోకాళ్ల దాకా బురద, మెడ నిటారుగా. ఇంటికెళ్లాక టీ కన్నా ముందు స్నానానికి వేడినీళ్లు పెట్టాలి అనుకుంది, ఆ ఇంట్లో మొదటిసారి.

పొలానికి అటు చివర ఆక్రాయిడ్ వాళ్ల ఎత్తు గోడ కనబడుతోంది.

"కజిన్ డార్లీన్, కర్ర ఇలా ఇవ్వమ్మా," అన్నాడు బెర్నార్డ్, గోడ ఇంకా అంత దూరంలో ఉండగానే.